జోహార్లు సరే, ఫైలెక్కడ?

మన దేశంలో ఎదుటివాడి నోరు మూయించడానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. అతన్ని ఉన్నపళాన సియాచిన్ పంపించెయ్యడమే. రోడ్డంతా గోతులేనని ఎవరైనా గొణిగితే, "అక్కడ మన జవాన్లు మంచుకొండల మీద కాపలా కాస్తుంటే నీకు గోతులు గుర్తొచ్చాయా?" అనాలి. కరెంటు పోయిందన్నా, గ్యాసు ధర పెరిగిందన్నా, డీఎస్సీ ఎప్పుడన్నా ఇదే మందు. ఈ మందు బాగా చెల్లుబాటైన ఏడు 2016. నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక ఊరూరా జనం ఏటీఎంల ముందు బారులు తీరారు. మోకాళ్ల నొప్పులతో ఓ ముసలాయన "ఇంకెంతసేపు నాయనా" అంటే, వెనకాల ఫోన్ చూసుకుంటున్న కుర్రాడు "సియాచిన్‌లో జవాన్లు నెలల తరబడి నిలబడట్లా తాతా, నువ్వు రెండు గంటలు నిలబడలేవా?" అని దేశభక్తి బోధించేవాడు. ఆ ముసలాయనే మాజీ హవల్దారు కావచ్చునన్న అనుమానం కుర్రాడికి రాదు. మాజీ హవల్దార్లు పోస్టర్లలో ఉన్నంత పొడుగ్గా ఉండరు మరి.

జవాను చలి గురించి ఇంత బెంగపెట్టుకున్న జాతి అతని కాళ్లకేసి ఒక్కసారైనా చూసిందా? కాగ్ చూసింది. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన దాని నివేదిక ఏం చెప్పిందంటే, 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా ఎత్తైన మంచు ప్రాంతాల్లోని సైనికులకు కొత్త బూట్లు కొననే లేదు, ఉన్న పాతవాటినే బాగుచేసి తొడిగించారు. మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. ప్రత్యేక రేషన్ బదులిచ్చే ప్రత్యామ్నాయ తిండిని ధరనుబట్టి లెక్కగట్టడంవల్ల కొన్నిచోట్ల జవానుకు అందాల్సిన కేలరీలు 82 శాతం వరకు తగ్గాయి. అది పాత కాలపు మాట, ఇప్పుడన్నీ ఉన్నాయని సైన్యం జవాబిచ్చింది. ఉన్నాయనే నమ్ముదాం. కాని తేదీలు మాత్రం ఒకసారి పక్కపక్కన పెట్టుకోండి. మనం ఏటీఎం ముందు జవాను పేరు చెప్పి ముసలివాళ్లను దబాయిస్తున్న ఆ ఏడాదిలోనే ఆ జవాను అతుకుల బూట్లతో మంచు తొక్కాడు. కాగ్ నివేదిక మీద ఏ ఊళ్లోనూ కొవ్వొత్తుల ఊరేగింపు జరగలేదు. కొవ్వొత్తి పట్టుకుని ఆడిట్ పేరాలు చదవడం కష్టం కాబోలు.

సైనికుడంటే మనకు గౌరవం లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. బోలెడంత ఉంది. తెరమీద ఉంది. "సరిలేరు నీకెవ్వరు"లో హీరోది ఆర్మీ మేజరు వేషమే. సరిహద్దులో ఓ పాట, ఓ ఫైటు కానిచ్చి, తక్కిన దేశసేవంతా కర్నూలు కొండారెడ్డి బురుజు పరిసరాల్లో చేశాడు. టికెట్ కొన్నవాడి కళ్లు చెమర్చాయి. ఈలలూ వేశాడు. పార్కింగులో మాత్రం, "ఇక్కడ బండి పెట్టకండి సార్" అన్న వాచ్‌మన్ మీద "నేనెవరో తెలుసా" అని కస్సుమన్నాడు. ఆ వాచ్‌మన్ పదిహేడేళ్లు ఫౌజులో ఉండి నలభై నిండకుండానే పెన్షన్ మీద ఇంటికొచ్చి, పిల్లల ఫీజులకు చాలక నీలిచొక్కా తొడుక్కున్నవాడని ఆయనకెవరు చెబుతారు? మన అపార్టుమెంట్లకు, ఏటీఎంలకు, కార్పొరేట్ ఆసుపత్రులకు గేటు దగ్గర నిలబడేవాళ్లలో మాజీ సైనికులు ఎందరో. ఆగస్టు 15న అదే అపార్టుమెంటులో జెండా ఎగరేయడానికి ముఖ్య అతిథి వస్తాడు. రియల్ ఎస్టేటాయనో, కార్పొరేటరో. ఆయన కారుకు గేటు తీసేది హవల్దారు. జెండాకు తాడు లాగేది రియల్ ఎస్టేటు. లడ్డూలు మిగిలితే గేటు దగ్గరికీ పంపుతారు. అంతమాత్రం సంస్కారం మనవాళ్లకుంది, కాదనను.

ఇక చనిపోయి తిరిగొచ్చిన సైనికుడి సంగతి చూద్దాం. అతనికి దక్కే మర్యాద బతికొచ్చినవాడు కలలో కూడా ఆశించలేడు. పార్థివదేహం ఇంకా విమానంలో ఉండగానే ఫ్లెక్సీ ప్రింటయిపోతుంది. ఆ ఫ్లెక్సీని ఎప్పుడైనా నిదానంగా చూశారా? పైన వరసలో అధినేతలు. వాళ్ల కింద, చేతులు జోడించి, నియోజకవర్గ నాయకుడి నిలువెత్తు రూపం. పక్కన ఆయన కొడుకు, కాబోయే నాయకుడు కనక. అడుగున మండల స్థాయి తలకాయలు, గుండ్రటి చట్రాల్లో, ఉంగరాలు కనిపించేలా. మరి చచ్చిపోయినవాడో? వెతకండి. ఎడమవైపు మూల, దీపం బొమ్మ పక్కన, డిశ్చార్జి బుక్కులో అంటించేంత సైజులో ఉంటాడు. పోయిందెవరో చెప్పడానికి కాదు గదా ఫ్లెక్సీ, వచ్చిందెవరో చెప్పడానికి.

శ్మశానంలో మైకు చేతికందగానే వాగ్దానాల వాన మొదలవుతుంది. ఊరి బడికి పేరు, రోడ్డుకు పేరు, కూడలిలో కాంస్య విగ్రహం, భార్యకు ఉద్యోగం, ఇంటి స్థలం. అన్యాయమేమిటంటే ఆ సమయంలో ఆ ఇంట్లో ఎవరికీ చెవులు పనిచెయ్యవు. ఏ తేదీన ఎవరేమన్నారో రాసుకునే స్థితిలో తల్లీ ఉండదు, ఇల్లాలూ ఉండదు. పదకొండో రోజు దాటాక, కర్మకాండకు చేసిన అప్పు తీర్చుకునే వేళకు, అవన్నీ ఒక్కొక్కటిగా గుర్తుచేయాల్సిన బాధ్యత ఆ ఇల్లాలిదే అవుతుంది. వాగ్దానం చేసినవాడు నిన్నటి మనిషి. అర్జీ పట్టుకుని తిరిగే ఇల్లాలు నేటి మనిషి. కొన్నిసార్లు మాట నిలబడుతుంది, అదీ చెప్పాలి. 2020 జూన్ 15న గాల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం చెప్పింది చెప్పినట్టు చేసింది. ఐదు కోట్లు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం. మంచి పని. అయితే దేశం మొత్తం టీవీలో చూసిన మరణానికి దొరికే వేగం, ఏ కెమెరా లేని చోట మంచుచరియ కింద పడి పోయిన సిపాయికి కూడా దొరుకుతుందా అన్నది వేరే లెక్క. ఆ లెక్కలో "యుద్ధ మరణమా, మామూలు మరణమా" అని తేల్చడానికే ఓ విభాగం ఉంది, ఆ విభాగానికో ఫైలుంది.

రాతిలో పేరు చెక్కించడం దగ్గర కూడా మన తొందర చెప్పుకోదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, ఆ వెంటనే అఫ్గాన్ యుద్ధంలోనూ పోయిన భారతీయ సిపాయిల కోసం తెల్లవాడు 1921లో ఢిల్లీలో పునాది వేసి 1931కల్లా ఇండియా గేట్ కట్టేశాడు. తన సామ్రాజ్యం కోసం చచ్చినవాళ్లు కాబట్టి కట్టుకున్నాడనుకోండి. మన స్వతంత్ర దేశం కోసం చచ్చినవాళ్ల పేర్లకు ఓ జాతీయ స్మారకంలో చోటు దొరికింది 2019 ఫిబ్రవరి 25న. ఈలోపు 1947, 1962, 1965, 1971, 1999 గడిచాయి. రాయి కొరత కాదు, ఈ మధ్యలో మనం కట్టుకున్న నాయకుల విగ్రహాలు చూస్తే ఆ మాట ఎవరూ అనలేరు.

పతకాల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పరమవీర చక్రకు నెలకు 20,000 రూపాయల భత్యం, మహావీర చక్రకు 10,000. ఇవి 2017లో రెట్టింపు చేశాక ఉన్న అంకెలు. ఆ పతకాన్ని తెచ్చుకున్నవాడు పోతే భత్యం భార్యకు వస్తుంది. బాగుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఒకప్పుడు ఆగిపోయేది. అదీ మన దేశమే కదా అనుకుందాం. కాని దానికో మినహాయింపు పెట్టారు, మహానుభావులు. చనిపోయినవాడి తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు! మరిదిని చేసుకుంటే ధైర్యసాహసాలు ఇంట్లోనే ఉన్నట్టు, పరాయివాణ్ణి చేసుకుంటే చక్రం వెనక్కి తిరిగినట్టు. ఢిల్లీలో పెద్ద చదువులు చదివిన అధికారులు, తెల్లకాగితం మీద, చల్లటి గదిలో కూర్చుని రాసిన నిబంధన ఇది. సాహసానికిచ్చిన సొమ్ములో ఓ ఆడమనిషి పెళ్లిసంబంధం చూసిపెట్టే బాధ్యత రక్షణ శాఖ ఎందుకు నెత్తినేసుకుందో ఎంత ఆలోచించినా నాకు తట్టదు. 2017 నవంబరులో దాన్ని ఎత్తేశారు. అప్పటిదాకా ప్రతి పంద్రాగస్టుకూ "వీరనారీమణులకు వందనం" అంటూనే ఉన్నాం.

అన్నిటికన్నా పెద్ద తప్పు బతికి రావడం. అందులోనూ చెయ్యో కాలో పోగొట్టుకుని బతకడం. అలాంటివాడికి మన దేశంలో ఓ ప్రత్యేక ప్రత్యర్థి ఉంటాడు, సుప్రీంకోర్టు దాకా వదలకుండా వెంటపడేవాడు. పాకిస్తానో చైనానో అనుకునేరు. రక్షణ శాఖే. వైకల్యం పెన్షన్ లెక్క విషయంలో సైనికులు ట్రిబ్యునళ్లలో గెలిచిన కేసుల మీద కేంద్రం వేసిన అప్పీళ్లను 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక్క దెబ్బకు కొట్టేసింది. అవెన్ని? 800కు పైనే. శత్రుదేశం మీద కూడా మనం ఇంత పట్టుదలగా ఇన్ని రంగాల్లో పోరాడినట్టు చరిత్రలో లేదు. 1985లో సిగ్నల్స్ విభాగంలో సిపాయిగా చేరిన ఒకతన్ని 1994లో మూర్ఛరోగమని ఇంటికి పంపారు. జబ్బు నీదే, సర్వీసుది కాదన్నారు. చేర్చుకున్నప్పుడు నిక్షేపంలా ఉన్నాడని సర్టిఫికెట్ ఇచ్చింది మీరే కదా, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసు కారణం కాదని రుజువు చెయ్యాల్సింది కూడా మీరేనని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2013 వచ్చింది. పంతొమ్మిదేళ్లు. సిపాయి ఉద్యోగం చేసింది తొమ్మిదేళ్లు, పెన్షన్ కోసం ఎదురుచూసింది అంతకు రెట్టింపు. డ్యూటీ ఎక్కడ ఎక్కువ చేశాడంటారు?

వాళ్లు తిరగబడలేదా అంటే, ఓసారి రోడ్డెక్కారు. ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్ కావాలని 2015 జూన్‌లో ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర మాజీ సైనికులు దీక్షలకు కూర్చున్నారు. క్రమశిక్షణ గల మనుషులు, బస్సులు కాల్చడం చేతకాదు. పాత టోపీలు, ఛాతీ మీద పతకాలు, చేతిలో ప్లకార్డులు. ఆగస్టు 14న, తెల్లారితే ఎర్రకోట మీద నుంచి సైనికుల త్యాగాల ప్రస్తావన ఉండగా, పోలీసులొచ్చి వాళ్లను అక్కణ్ణుంచి ఈడ్చి ఖాళీ చేయించబోయారు. కారణం? భద్రత! ఈ దేశానికి భద్రత ఇచ్చినవాళ్ల వల్ల ఈ దేశానికి భద్రత లేదన్నమాట. పతకాల రిబ్బన్లు చినిగిన ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాక ఇబ్బంది అనిపించి సెప్టెంబరు 5న పథకం ప్రకటించారు. ఆ తర్వాత బకాయిలు ఏ విడతలో ఎంత ఇవ్వాలన్న దానిమీద 2023 మార్చిలో కూడా సుప్రీంకోర్టు తేదీలు గీసి ఇవ్వాల్సి వచ్చింది. ఆఖరి విడత గడువు 2024 ఫిబ్రవరి 28. ఈ ఎనిమిదిన్నరేళ్లలో సియాచిన్ పేరెత్తి ఆర్థిక శాఖ నోరు మూయించినవాడు ఒక్కడూ కనబడలేదు. ఆ మందు కిందికే పనిచేస్తుంది, పైకి పనిచెయ్యదు.

పైగా బతికున్నవాడికి మరో తద్దినం, ఏడాదికోసారి బతికే ఉన్నానని రుజువు చూపించడం. అమరుడికి ఈ బాధ లేదు, ఏటా చచ్చిపోయానని సర్టిఫికెట్ అడగరు. 2022 ఏప్రిల్ నెల పెన్షన్ దేశవ్యాప్తంగా 58,275 మంది రక్షణ పెన్షనర్లకు పడలేదు. బ్యాంకుల నుంచి కొత్త ఆన్‌లైన్ పద్ధతిలోకి మార్చారట, వాళ్లు బతికున్నట్టు బ్యాంకులు నిర్ధారించలేదట. గగ్గోలయ్యాక రక్షణ శాఖ ప్రకటన ఇచ్చి, "ఒక్కసారికి" మినహాయించి, మే 25 దాకా గడువు పొడిగించింది. తుపాకీ పట్టీపట్టీ, ఆ తర్వాత పార పట్టీపట్టీ గీతలు అరిగిన వేళ్లతో మీసేవ కుర్చీలో కూర్చుని, "ఇంకోసారి నొక్కండి పెద్దాయనా, పడలేదు" అనిపించుకోవడం ఎనభై ఏళ్ల సుబేదారుకు నవంబరు పండగ.

మన తెలుగు నేల మీద ఈ తిప్పలకు ఓ ప్రత్యేక విభాగం ఉంది. దాని పేరు భూమి. దేశానికి సేవచేసినవాడికి ఐదెకరాల మెట్టో రెండున్నర ఎకరాల మాగాణో ఇస్తామన్నది పాత మర్యాద. అర్జీ పెట్టుకున్నవాడికి ముందు చెప్పేమాట, ఊళ్లో భూమి లేదు. లే అవుట్లకు ఉంటుంది, సెజ్‌లకు ఉంటుంది, శాటిలైట్‌లో చూస్తే కనబడుతుంది కూడా, కాని మిలటరీ ఆయన అడిగినప్పుడు మాయమవుతుంది. ఎలాగో ఓ రాళ్లగుట్ట దొరికి, డీకేటీ పట్టా చేతికొచ్చి, పదేళ్లు గడిచాయనుకోండి. కూతురి పెళ్లికో, భార్య డయాలిసిస్‌కో అమ్ముకునే హక్కు అతనికుంది. కాగితం మీద. రిజిస్ట్రారు ఆఫీసులో మాత్రం సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో పలకరిస్తుంది. అక్కణ్ణుంచి ఎన్‌ఓసీ యాత్ర. దాని తీరు ఇలా ఉంటుంది.

"మీరు మాజీ సైనికులేనని నమ్మకమేంటండీ?"

"డిశ్చార్జి బుక్కు చూపించాను కదా బాబూ."

"అది జిరాక్సు. ఒరిజినల్ కావాలి."

"ఒరిజినల్ పోయినసారి మీ సీట్లో ఉన్నాయనకిచ్చాను."

"ఆయన బదిలీ అయిపోయారు. పోనీ అసైన్‌మెంట్ రిజిస్టర్‌లో మీ పేరుందా?"

"మీ బీరువాలోనే ఉంటుంది గదా, చూడండి."

"ఆ పేజీ చెదలు పట్టింది సార్. సర్వేయర్ రిపోర్టు తెచ్చుకోండి, ఆర్డీవో గారికి పెడతాం, అక్కణ్ణుంచి కలెక్టరేటు. మీరు మిలటరీవాళ్లు, మీకు ఓపిక గురించి మేం చెప్పాలా?"

వెళ్లేటప్పుడు ఆ గుమాస్తానే లేచి నిలబడి "జైహింద్ సార్" అని సెల్యూట్ కొడతాడు. ఆ ఒక్క పని మాత్రం చేయి తడపకుండానే జరుగుతుంది. మిలటరీ ఆయన తలనొప్పల్లా ఏమిటంటే, సరిహద్దులో శత్రువు ఎటువైపున్నాడో తెలిసేది.

మాజీ సైనికులకూ ఓ రోజు ఉందని మీలో ఎంతమందికి తెలుసు? 1953లో మొదటి భారతీయ సైన్యాధిపతి కరియప్ప పదవీ విరమణ చేసిన జనవరి 14ను వెటరన్స్ డేగా జరుపుతున్నారు. తేదీ చూశారా? సంక్రాంతి సందడి రోజు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరమనే ఊరుంది. మిలటరీ మాధవరమనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు, ఇప్పటికీ పంపుతున్న ఊరు. జనవరి 14న అదే జిల్లాలో మంత్రుల నుంచి మామూలు జనం దాకా గౌరవవందనం చేసేది ఎవరికంటే, కాలికి కత్తి కట్టుకున్న కోడికి. దానికి జీడిపప్పు, బాదం, వేన్నీళ్ల స్నానం, ఈత శిక్షణ. వీరమరణం పొందితే పోటీపడి కొనుక్కుంటారు, పలావు చేస్తారు. బరిలోంచి కుంటుకుంటూ బతికొచ్చిన పుంజును కూడా యజమాని ఒళ్లో పెట్టుకుని కుట్లు వేయిస్తాడు. ఎన్‌ఓసీ అడగడు.

ఇన్ని ఫైళ్లు, ఇన్ని కేసులు, ఇన్ని పెన్షన్లు చూసి విసిగి, ఎట్టకేలకు ఢిల్లీ ఓ శాశ్వత పరిష్కారం కనిపెట్టింది. 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు పోయాడు. సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి పొద్దున్నే రోడ్ల మీద పరుగులు తీసినవాళ్లలో ఒకడు. పథకం మాత్రం ఆగలేదు. నాలుగేళ్లు సేవ, నూటికి పాతికమందికి మించి కొనసాగింపు లేదు, మిగతావాళ్లకు సేవానిధి ఇచ్చి నమస్కారం. పెన్షన్ లేదు. మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. విధి నిర్వహణలో పోతే బీమా 48 లక్షలు, మరో 44 లక్షల పరిహారం, మిగిలిన కాలానికి జీతం. ఇంటికి నెలనెలా వచ్చే కుటుంబ పెన్షన్ మాత్రం ఉండదు.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో శ్రీసత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ సరిహద్దులో అమరుడయ్యాడు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాలు, ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. తండా దారి పట్టని నాయకుడు లేడు. తక్కిన జవానుకూ తన కొడుక్కూ మధ్య మరణంలో తేడా ఏముందని, కుటుంబ పెన్షన్ విషయంలో ఎందుకు తేడా అని అడగడానికి అదే ఏడాది అతని తల్లి బొంబాయి హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. తూటాకు అగ్నివీరుడెవరో, రెగ్యులర్ సిపాయి ఎవరో తెలియదు. అకౌంట్స్ విభాగానికి బాగా తెలుసు.

మొదటి జట్టు నాలుగేళ్లు 2026 ఆఖరుతో నిండుతున్నాయి. ఇంకా ఇరవైల్లోనే ఉన్న కుర్రాళ్లు తిరిగొస్తారు. వాళ్లు పెన్షన్ బకాయిలని జంతర్‌మంతర్ వెళ్లరు, వెళ్లడానికి పెన్షనే లేదు. నవంబరులో వేలిముద్రలు పడలేదని ఏడవరు. డిశ్చార్జి బుక్కు పట్టుకుని భూమి అడగడానికి వాళ్లను మాజీ సైనికులని ఎవరూ ఒప్పుకోరు. మాజీ సైనికుల సమస్య ఇంత శుభ్రంగా, మాజీ సైనికులనే లేకుండా చేసి తీర్చిన దేశం మరొకటి ఉందో లేదో విదేశాంగ శాఖ వాకబు చేస్తే బాగుండు. అపార్టుమెంట్ల సెక్రటరీలకైతే ఇప్పటికే సంతోషంగా ఉంది. ఇన్నాళ్లూ నలభై ఏళ్ల హవల్దారు దొరికేవాడు, ఇకమీదట ఇరవై మూడేళ్లవాడే గేటు తీస్తాడట, జీతం కూడా కాస్త తక్కువకే.